మాగ్విచ్ మా వాడ మనిషి

ఇంగ్లీషు క్లాసులో నవల చెప్పటం అంటే మా రోజుల్లో రెండే పనులు. కథ తెలుగులో చెప్పటం ఒకటి. కష్టమైన మాటలకి అర్థాలు బోర్డు మీద రాసి ఎక్కించుకోమనటం రెండోది. 1980లలో నేను డిగ్రీ చదివేటప్పుడు మాకు నాన్-డిటెయిల్డ్ పుస్తకం చార్లెస్ డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'. అసలు నవల కాదు, కాలేజీ పిల్లల కోసం కుదించింది. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా డికెన్స్ తన వారపత్రికలో సీరియల్‌గా నడిపిన ఆ నవలని నేను పూర్తిగా చదివింది తర్వాతెప్పుడో, యూనివర్సిటీ లైబ్రరీలో. అది గొప్ప నవలా కాదా అని తేల్చటానికి నేనిది రాయటం లేదు. గొప్పదే. ఆ నవల్లో మాటలకి మాకు చెప్పిన అర్థాలు ఎవరి అర్థాలు? ఆ అర్థాలు రాసుకుని మేం ఎవరి పక్కన నిలబడి కథ చదివాం? నా ప్రశ్న ఇదే.

చదవనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. పిప్ తల్లీతండ్రీ లేని పిల్లాడు. ఇంగ్లండులో కెంట్ ప్రాంతపు బురదనేలల పక్కన అక్క ఇంట్లో పెరుగుతాడు. బావ జో కమ్మరి. ఒకరోజు సమాధుల దగ్గర మాగ్విచ్ అనే ఖైదీ పిప్‌ని పట్టుకుంటాడు. సంకెళ్లతో పారిపోయి వచ్చినవాడు. తినటానికి ఏదన్నా, సంకెల కోసుకోటానికి ఆకురాయి తెచ్చిపెట్టమని బెదిరిస్తాడు. పిల్లాడు తెచ్చిస్తాడు. తర్వాత మిస్ హవిషామ్ అనే డబ్బున్నావిడ ఇంటికి ఆడుకోటానికి పోయి, ఆవిడ పెంచుకునే ఎస్టెల్లా చేతిలో అవమానపడతాడు. ఆ పిల్లకి సరితూగాలంటే జెంటిల్‌మన్ కావాలనుకుంటాడు. కొన్నేళ్లకి ఎవరో పేరు చెప్పని మనిషి డబ్బుతో లండన్ పోయి జెంటిల్‌మన్ అవుతాడు కూడా. ఆ డబ్బు హవిషామ్‌దే అనుకుంటాడు. చివరికి తెలుస్తుంది, అది మాగ్విచ్ పంపిన డబ్బని. ఆస్ట్రేలియాకి యావజ్జీవ ద్వీపాంతర శిక్ష మీద పోయి, అక్కడ గొర్రెలు మేపి, కడుపు కట్టుకుని కూడబెట్టి పంపిన డబ్బని.

మాటల సంగతి పుస్తకం పేరుతోనే మొదలైంది. 'ఎక్స్‌పెక్టేషన్స్' అంటే ఆశలు అని రాయించారు. బజార్లో దొరికే గైడులోనూ అదే వుంది. కానీ డికెన్స్ కాలంలో ఆ మాటకి మనుషులు వాడుకున్న అర్థం ఇంకోటి వుంది. ముందు ముందు చేతికి రాబోయే ఆస్తి అని. జాగర్స్ అనే లాయరు వచ్చి పిప్‌కి చెప్పేది నీకు ఆశలున్నాయని కాదు, నీకు ఆస్తి రాబోతోందని. ఆశలు ఎవరికి లేవు? మా నాయనకీ వుండేది, బంజరులో ఎకరం పట్టా వస్తుందని. పోయేదాకా వుంది. దాన్ని ఎవరూ ఎక్స్‌పెక్టేషన్ అనలేదు. భూమి వారసత్వంగా దిగే ఇళ్లలో పుట్టినవాళ్లకి వుండేది ఎక్స్‌పెక్టేషన్. మా క్లాసులో సగం మందికి అలాంటివి వున్నాయి. 'ఆశ' అని తెలుగు చేసేసరికి నవల్లోంచి ఆస్తి జారిపోయింది. ఆస్తి జారిపోతే అది ఎవరి కష్టం అనే ప్రశ్న కూడా పోయినట్టే.

రెండో మాట 'జెంటిల్‌మన్'. పెద్దమనిషి అని రాయించారు. మాకు పెద్దమనుషులు బాగా తెలుసు. రచ్చబండ మీద కూర్చునేవాళ్లు పెద్దమనుషులు. మా పల్లె కుర్రాడు సైకిల్ దిగకుండా వూళ్లోంచి పోయాడని తప్పు వేసేవాళ్లు పెద్దమనుషులు. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్న ఒప్పందానికి కూడా పెద్దమనుషుల ఒప్పందం అనే పేరు. సంతకాలు పెట్టిన ఎనిమిది మందిలో దళితుడు ఒక్కడూ లేడు. మన భాషలో ఆ మాటకి గుణంతో పని లేదు, వయసుతోనూ పని లేదు. మా తాత ఎనభై ఏళ్లు బతికి ఎవరికీ పెద్దమనిషి కాలేదు. ఇరవై ఏళ్ల ఆసామి కొడుకు మా తాతని 'ఒరే' అని పిలిచి పెద్దమనిషిగానే వున్నాడు. డికెన్స్ తన నవలంతా తవ్వింది ఈ మాటనే. జెంటిల్‌మన్ అంటే ఎవరు? బట్టలా, మాట తీరా, డబ్బా, మనసా? మాకు మాత్రం ఆ తవ్వకం చూపించలేదు. అర్థం రాయించి పక్క మాటకి పోయారు.

పక్క మాట 'కోర్స్'. ఎస్టెల్లా పిప్‌తో పేకాట ఆడుతూ, జాకీ ముక్కని వీడు ఏ పేరుతో పిలుస్తున్నాడో చూడమని నవ్వుతుంది. ఆ ముక్కకి ఇంగ్లీషులో రెండు పేర్లు వున్నాయి. గొప్పింటివాళ్లది ఒకటి, పనివాళ్లది ఒకటి. తర్వాత వాడి చేతులు మొరటుగా వున్నాయని, బూట్లు మందంగా వున్నాయని అంటుంది. అప్పటిదాకా పిప్‌కి తన చేతుల గురించి ఏ ఆలోచనా లేదు. ఆ మాట పడిన తర్వాతే చేతులు చూసుకుంటాడు. ఒక్క మాట మనిషిని తన వొంటికే పరాయివాణ్ణి ఎలా చేస్తుందో ఇంత బాగా రాసిన చోటు నేను వేరే నవల్లో చూడలేదు.

మా లెక్చరరు కోర్స్ అంటే మొరటు, గరుకు అని రాయించి, ఉదాహరణ కోసం బెంచీల వైపు చూశాడు. వెనక బెంచీలో సోషల్ వెల్ఫేర్ హాస్టల్ పిల్లలం నలుగురం. నన్ను లేపి చేతులు చూపించమన్నాడు. సంక్రాంతి సెలవుల్లో పొగాకు కోతకి పోయి వచ్చిన చేతులవి. అరచేతుల్లో కాయలు, జిగురు పట్టి నల్లబడ్డ వేళ్ల సందులు. సుద్దముక్కతో దూరం నుంచే చూపించి, ఇదీ కోర్స్ అంటే అన్నాడు. క్లాసు నవ్వింది. గోడ గరుకు, గోనెసంచి గరుకు, బల్లచెక్క గరుకు. ఆయన కళ్లు వాటి మీదకి పోలేదు. ఆయనకి తెలీకుండానే నవల్లో ఎస్టెల్లా చేసిన పని ఆయన క్లాసులో చేశాడు. తేడా ఒకటుంది. పిప్‌కి కెంట్ నుంచి లండన్ పోతే ఆ చేతులు మెత్తబడే వీలుంది. మా చేతులు మెత్తబడినా మాకు వేరే గుర్తులు వెతుకుతారు.

అదే అధ్యాయంలో ఇంకో ముక్క వుంది. ఎస్టెల్లా పిప్‌కి రొట్టె, మాంసం, తాగటానికి బీరు తెచ్చి దొడ్లో రాళ్ల మీద పెట్టి, వాడి మొహం కూడా చూడకుండా పోతుంది. తప్పు చేసిన కుక్కకి పెట్టినట్టు పెట్టిందని పిప్ గోడకి ఆనుకుని ఏడుస్తాడు. ఇందులో కష్టమైన మాటలేం లేవు, ముందుకి పోదాం అన్నాడు లెక్చరరు. నిజమే, మాకు అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. మా అమ్మ ఆసామి ఇంటి వెనక దొడ్లో వొంగి దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. పండక్కి అన్నం చూరు కింద ఆకులో పెట్టి, ఆకు కూడా మమ్మల్నే పారేయమనేవాళ్లు. టీ బంకులో మా గ్లాసులు వేరే మేకుకి వేలాడేవి. తాగి మేమే కడిగి పెట్టాలి. పిప్‌కి అది ఒక మధ్యాన్నం జరిగిన అవమానం. జీవితమంతా దాన్ని మర్చిపోలేదు, ఒక పెద్ద నవలకి సరిపడా ఏడ్చాడు. మా అమ్మకి అది రోజూ జరిగేది. మా అమ్మ మీద నవల ఎవరు రాశారు?

ఇలాంటివి చదివినప్పుడు మన పిల్లలకి సహజంగా అనిపించేది పిప్ మనవాడే అని. పేదవాడు, బడి లేనివాడు, అవమానపడ్డవాడు. అభ్యుదయ విమర్శకులు కూడా ఆ మాటే చెప్తారు. పీడితుడు ఎక్కడైనా పీడితుడే అని. నేను ఒప్పుకోను. పిప్ కమ్మరి ఇంటి పిల్లాడు. ఫోర్జ్ అంటే కొలిమి, యాన్విల్ అంటే దాగలి, బెలోస్ అంటే తిత్తి అని క్లాసులో రాసుకుంటున్నప్పుడు నాకు మా వూరి కొలిమి కళ్లముందు కనపడింది. కమ్మరి ఇల్లు వూళ్లో వుంది, మా పల్లెలో లేదు. ఆయన చేసిన నాగలి కర్రు ఇంట్లోకి పోతుంది, ఆయనా పోతాడు. ఆ కొలిమిలో గాలి వూదే తిత్తి తోలుది. ఆ తోలు లందలో తంగేడు చెక్కేసి నానబెట్టి, కంపు భరించి, ఆరెతో కుట్టి ఇచ్చింది మా నాయన. తిత్తి చిల్లుపడితే కమ్మరాయన కబురు పెట్టేవాడు. మా నాయన బయట చెట్టు కింద కూర్చుని కుట్టి పెట్టి వచ్చేవాడు. కొలిమి పందిట్లోకి అడుగు పెట్టేవాడు కాదు. డికెన్స్ నవల్లో జో కొలిమికీ తిత్తి వుంది. దాని తోలు ఎవరు చేశారని నవల అడగదు. అక్కడ అడగాల్సిన అవసరం లేదేమో. ఇక్కడ వుంది. లంద, ఆరె, తంగేడు చెక్క అనే మాటలు నా తెలుగు వాచకంలో ఎప్పుడూ రాలేదు. వాటికి ఇంగ్లీషులో ఏమంటారో ఏ క్లాసులోనూ చెప్పలేదు. కొలిమికి మాత్రం రెండు భాషల్లోనూ చోటుంది.

పూర్తి నవల చదివినప్పుడు నన్ను ఆపేసిన మాట 'విటిల్స్'. సమాధుల దగ్గర మాగ్విచ్ పిప్‌ని అడిగేది ఇదే. డిక్షనరీలో ఆ అక్షరాల కింద వెతికితే దొరకలేదు. చివరికి అర్థమైంది, అది తిండి అనే అర్థం వచ్చే పుస్తకాల మాటకి పేదవాడి నోట్లో పలుకుబడి. మా కుదించిన పుస్తకంలో దాన్ని తీసేసి 'ఫుడ్' అని పెట్టారు. లెక్చరరు దాన్ని 'ఆహారం' చేశాడు. ఆకలితో చస్తున్న మనిషి ఆహారం అడగడు. కూడు అడుగుతాడు. డికెన్స్ రాసింది కూడు. మా చేతికి వచ్చేసరికి అది రెండుసార్లు కడగబడి ఆహారం అయింది.

మన భాషలో జరిగిందీ ఇదే. గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద యుద్ధం చేసి వాడుకభాషని నిలబెట్టాడని చదువుకున్నాం. పెద్ద పనే. కానీ ఆ వాడుకభాషకి పెట్టిన పేరు శిష్టవ్యవహారికం. శిష్టులు ఎవరు? చదువుకున్నవాళ్లు. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు ఎవరు? మా అమ్మ మాట్లాడేది వ్యవహారికమే, శిష్టం మాత్రం కాదు. బళ్లో 'సదువు' అని రాస్తే నాకు ఎర్రసిరా పడింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్ని ఇంగ్లీషు మీడియం చేస్తామన్నప్పుడు తెలుగు చచ్చిపోతుందని గగ్గోలు పుట్టింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. మాతృభాషలో చదువు మంచిదనే వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఆ గగ్గోలు పెట్టినవాళ్లలో చాలామంది పిల్లలు చదివేది కాన్వెంట్లలో. వాళ్లు కాపాడమంటున్న తెలుగులో మా అమ్మ తెలుగుకి ఎప్పుడన్నా మార్కులు పడ్డాయా?

ఆ పూర్తి నవల వేసవి సెలవుల్లో ఇంటికి తీసుకుపోయాను. రాత్రిళ్లు లాంతరు దగ్గర చదువుతుంటే అమ్మ వచ్చి కూర్చునేది. "ఏందిరా అంత లావు పొత్తకం, కతేనా? నాకూ సెప్పు" అంది. రోజూ కొంచెం కొంచెం చెప్పాను. మాగ్విచ్ తుఫాను రాత్రి పిప్ గదికి వచ్చి, నిన్ను పెద్దమనిషిని చేసింది నేనేనని చెప్పే చోటుకి వచ్చాం. సంతోషంతో రెండు చేతులూ చాస్తాడు. పిప్ వెనక్కి జరుగుతాడు. పామో, భయంకరమైన జంతువో మీద పడ్డట్టు వొణికిపోతాడు. ఆ ముసలోడు చేతులు ముట్టుకుంటే వొంట్లో రక్తం గడ్డకట్టినట్టవుతుంది. మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఇన్నేళ్లు ఆయన డబ్బు తిన్నప్పుడు లేని అసియ్యం, ఆయన్ని సూస్తే వచ్చిందా?"

ఆ నవల మీద నేను చదివిన విమర్శ గ్రంథాల్లో ఈ వాక్యం లేదు. అందులో పిప్ పశ్చాత్తాపం వుంది, నైతిక ఎదుగుదల వుంది, డబ్బు అహంకారం మీద వ్యంగ్యం వుంది. మా అమ్మ చెప్పింది మాత్రం అంటరానితనం గురించి. మనిషి కష్టం ముట్టుకోవచ్చు, ఆ కష్టం తెచ్చిన డబ్బు ముట్టుకోవచ్చు, మనిషిని మాత్రం ముట్టుకోకూడదు. మేం కోసిన వరి ఇంట్లోకి పోతుంది, మేం పోం. మేం కుట్టిన చెప్పు వాళ్ల కాలికి వుంటుంది, మా కాలికి వుంటే తప్పు. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు కట్టాక డెల్టా పండింది. ఆ పంట డబ్బుతో మిల్లులు వచ్చాయి, సినిమా కంపెనీలు వచ్చాయి, కార్పొరేటు కాలేజీలు వచ్చాయి. ఆ కాలవ మట్టి తవ్విన చేతులు, ఆ నాట్లు వేసిన చేతులు ఎవరివి? మన వూళ్లలో ప్రతి పెద్దమనిషీ ఒక పిప్పే. వాడి మాగ్విచ్ పల్లెలో వుంటాడు. కాకపోతే నవల్లో పిప్‌కి చివర్లో కళ్లు తెరుచుకుంటాయి. తీర్పు చెప్పే రోజు కోర్టులో అందరి ముందూ ఆ ముసలోడి చెయ్యి పట్టుకుని నిలబడతాడు. మన పిప్‌లకి ఆ అధ్యాయం ఇంకా రాలేదు.

ఈ నవల నిండా చేతులే. లాయరు జాగర్స్ నేరస్తుల పని చూసి వచ్చిన ప్రతిసారీ వాసన సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. క్లాసులో దాన్ని పాత్రచిత్రణ అన్నారు. నాకు అది మడిలాగే కనపడింది. అదే జాగర్స్ ఇంట్లో పనిమనిషి మోలీ వుంది. హత్య కేసులోంచి ఆయన తప్పించిన ఆడమనిషి. భోజనానికి వచ్చిన కుర్ర పెద్దమనుషుల ముందు ఆమెని పిలిచి, గాయాల మచ్చలున్న ఆమె మణికట్లు చూపించమంటాడు. ఆమె వద్దంటున్నా వినడు. ఆ ముక్క చదివేటప్పుడు నా చేతుల మీద వున్న సుద్దముక్క గుర్తొచ్చింది. ఈ మోలీయే ఎస్టెల్లాకి తల్లి అని, మాగ్విచ్ తండ్రి అని తర్వాత బయటపడుతుంది. అంటే పిప్‌ని మొరటోడు అన్న పిల్ల ఖైదీకీ పనిమనిషికీ పుట్టిన పిల్ల. పుట్టుకలో ఏమీ లేదు, పెంపకంలోనే అంతా వుందని డికెన్స్ చెప్పాలనుకున్నాడు.

వర్గానికీ కులానికీ తేడా ఇక్కడే తేలుతుంది. ఎస్టెల్లా పుట్టుక ఇరవై ఏళ్లు రహస్యంగా వుండగలిగింది. మన దేశంలో పుట్టుక రహస్యంగా ఎన్ని గంటలు వుంటుంది? అద్దె ఇల్లు అడిగితే రెండో ప్రశ్న "మీరేమిట్లు?" అని. అది చెప్పకపోతే ఇంటిపేరు, ఇంటిపేరు చెప్తే వూరు, వూరు చెప్తే వూళ్లో ఎటు పక్క. కులం అంటే పనుల విభజన కాదు, పనివాళ్ల విభజన అని 1936లో 'కులనిర్మూలన'లో బాబాసాహెబ్ తేల్చి చెప్పింది ఇందుకే. లండన్‌లో పనిని వొదిలితే పిప్ వేరే మనిషి. ఇక్కడ మా నాయన పనిని నేను వొదిలినా నేను ఆయన కులమే.

జో గురించి కూడా మాట్లాడుకోవాలి. ప్రతి ఏడాదీ పరీక్షలో వచ్చే ప్రశ్న, నిజమైన జెంటిల్‌మన్ ఎవరు అని. జవాబు జో. ఎందుకంటే మంచివాడు, వోర్పుగలవాడు, తన చోటు తెలిసినవాడు. లండన్‌లో పిప్ గదికి వచ్చి తనకి పట్టని బట్టల్లో ఇబ్బందిపడి, తను పెంచిన పిల్లాణ్ణి 'సార్' అని పిలిచి, మనుషుల్లో ఇనప పనివాడు, బంగారప్పనివాడు అని విభజనలు వుంటాయని, వాటిని ఒప్పుకోవాలని చెప్పి వెళ్లిపోతాడు. చదివేవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు. నాకూ జో అంటే ఇష్టమే. కానీ అదే కొలిమిలో ఓర్లిక్ అనే కూలీ వున్నాడు. పిప్‌కి సగం పూట సెలవిస్తే నాకూ ఇవ్వాలి అని అడుగుతాడు. అడిగింది న్యాయమే. ఆ అడిగినవాణ్ణి రచయిత దుర్మార్గుణ్ణి చేశాడు, పిప్ అక్క తల పగలగొట్టించాడు. వొంగినవాడు సాధువు, సమానంగా అడిగినవాడు హంతకుడు. మన సాహిత్యంలోనూ మంచి హరిజనుడు అనే పాత్ర ఎంతకాలం నడిచిందో మీకు తెలుసు. కారంచేడులో తాగే నీళ్ల చెరువుని పాడుచెయ్యొద్దని మున్నంగి సువార్త బిందె ఎత్తింది. 1985 జులై 17న ఆరుగుర్ని చంపారు. పెద్దమనుషుల దృష్టిలో నేరం ఆ బిందె ఎత్తటమే. చేతులు జోడించినంతకాలం మనం జో. చెయ్యి ఎత్తితే ఓర్లిక్.

కోర్టు సంగతి నవల్లో చిన్న కథగా వుంది గానీ అది మనం కంఠస్థం చేయాల్సింది. మాగ్విచ్, కాంపేసన్ ఇద్దరూ ఒకే నేరంలో దొరుకుతారు. ప్లాను కాంపేసన్‌ది. వాడు చదువుకున్నవాడు, నల్ల సూటు, గిరజాల జుట్టు, చేతిలో తెల్ల రుమాలు. బోనులో పక్కపక్కన నిలబెడితే చూపులకే తీర్పు అయిపోయింది. పెద్దమనిషికి ఏడేళ్లు, మాగ్విచ్‌కి పద్నాలుగేళ్లు. తమిళనాడు కీళవెణ్మణిలో 1968 డిసెంబరు 25న 44 మంది దళితుల్ని గుడిసెలో తగలబెట్టారు. కార్లున్న ధనికులు తామే నడిచిపోయి నిప్పు పెట్టారంటే నమ్మేలా లేదన్న ధోరణిలో రాసి మద్రాసు హైకోర్టు భూస్వాముల్ని వొదిలేసింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. కాంపేసన్ రుమాలు ఇంకా పనిచేస్తూనే వుంది.

డికెన్స్ ఇదంతా ఎలా చూడగలిగాడు? తండ్రి అప్పులకి జైలుకి పోతే, 1824లో పన్నెండేళ్ల వయసులో బూట్ పాలిష్ తయారుచేసే చోట కూలికి పోయినవాడు. ఆ సంగతి బతికినంతకాలం లోకానికి దాచుకున్నాడు. చనిపోయాక స్నేహితుడు రాసిన జీవితచరిత్రతో బయటపడింది. పిప్ సిగ్గు ఆయన సిగ్గే. అయితే ఆయన జాలికి సముద్రం అడ్డం వచ్చింది. 1857లో ఇక్కడ తిరుగుబాటు జరిగితే, తాను ఇండియాలో సేనాధిపతినైతే ఆ జాతినే తుడిచిపెట్టటానికి చేతనైందంతా చేస్తానని ఉత్తరం రాశాడు. మాగ్విచ్ గొర్రెలు మేసిన ఆస్ట్రేలియా గడ్డి ఎవరి నేల మీదిదో నవల్లో లేదు. అక్కడి ఆదివాసులు ఒక్క వాక్యంలో కూడా కనపడరు. మాగ్విచ్ కింద కూడా మనుషులున్నారు. మెట్ల మెట్ల అసమానత అని అంబేద్కర్ చెప్పింది కేవలం మన దేశానికే కాదేమో.

విద్యార్థులకి ఒక మాట చెప్పాలి. మనం పిప్ కాదు అన్నాను. కానీ చదువు మనల్ని పిప్‌లని చేయటానికే చూస్తుంది. హాస్టల్‌కి తల్లి వస్తే పక్కకి తీసుకుపోయి మాట్లాడమంటుంది. ఉద్యోగం వచ్చాక ఇంటిపేరు మింగమంటుంది. ఇందులో ఆ పిల్లల తప్పు వెతకటం తేలిక. పిప్ దాచుకుంది డాబు కోసం, మనవాళ్లు దాచుకునేది అద్దె ఇల్లు పోతుందని, పెళ్లి ఆగుతుందని, ప్రమోషన్ పోతుందని. కాబట్టి దీన్ని స్నాబరీ అని ఇంగ్లీషు మాటతో తీసిపారెయ్యొద్దు. అది భయం. భయాన్ని మందలిస్తే పోదు, పక్కన నలుగురు నిలబడితే పోతుంది.

నవల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఒకటుంది. పట్టుబడితే ఉరి అని తెలిసీ లండన్ వచ్చిన మాగ్విచ్, పిప్‌ని పరాయి భాషలో ఏదన్నా చదివి వినిపించమంటాడు. ఒక్క ముక్క అర్థంకాదు. అయినా మంట దగ్గర నిలబడి, తను చేసిన పెద్దమనిషిని చూసుకుంటూ వింటాడు. పిప్‌కి అదంతా చీదరగా వుంటుంది. మా అమ్మ కూడా అలాగే అనేది, "నువ్వు ఇంగిలీసులో సదువు, నేనింటా" అని. నేను పెద్దగా చదివేవాణ్ణి. ఆమెకి అర్థంకాకపోయినా ఆ చదువు ఆమె పొగాకు కూలి డబ్బుతో కొన్నది. మా ఇంట్లో ఆ చదువు అంటే ఎవరికీ చీదర లేదు.

అందుకే ఇంగ్లీషు వొద్దు, డికెన్స్ వొద్దు అని నేను అనను. సావిత్రిబాయి ఫూలే 1854లోనే తన కవితల పుస్తకంలో ఇంగ్లీషు చదువుకోమని మనవాళ్లకి చెప్పింది. అంబేద్కర్ కులాన్ని ఇంగ్లీషులోనే బోనెక్కించారు. రోహిత్ వేముల 2016 జనవరిలో తన ఆఖరి ఉత్తరం ఇంగ్లీషులోనే రాశాడు. అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు, ఈ దేశానికి మాత్రం ఇంకా అర్థంకాలేదు. ఇంగ్లీషు చదవాలి. బోర్డు మీద రాసిన అర్థాలే ఆఖరి అర్థాలు అని మాత్రం నమ్మకూడదు.

మాటలకి అర్థాలు మార్చుకోవటం మనకి కొత్తేమీ కాదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభకి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. పంచములం అనే మాటే మాకొద్దని చెప్పి, ఆది ఆంధ్రులం అని పేరు మార్చుకుని లేచారు మన పెద్దలు. తర్వాత మీద పెట్టిన హరిజన అనే మాటని తీసేసి దళిత అనే మాటని మనమే ఎత్తుకున్నాం. క్లాసులో లెక్చరరు అర్థాలు రాయిస్తాడు, రాసుకోండి, మార్కులు కావాలి. నోటుబుక్కు వెనక పేజీలో మీ అర్థాలు కూడా రాసుకోండి. ఎక్స్‌పెక్టేషన్స్ అంటే ఆస్తి. విటిల్స్ అంటే కూడు. జెంటిల్‌మన్ అంటే ఇంకొకరి కష్టం తిని, ఆ మనిషిని ముట్టుకోనివాడు. కోర్స్ అంటే పనిచేసిన చెయ్యి.